తాళంచెవి ఎవురికాడుంది

ట్యాబులో రెండే గడులు: ఉంది, లేదు.
రోజుకి ఆరువందల లెక్కన
చిత్తూరులో నాలుగు వార్డులు నా చేతికిచ్చారు.
కొళాయో మరుగుదొడ్డో నీడపట్టున బెంచీయో
కనిపించిన చోట నిలబడి వేలితో నొక్కితే
మ్యాపు మీద పచ్చ చుక్క మొలుస్తుంది.

మొదటిరోజు గాంధీ సర్కిల్ చుట్టుపక్కల
పదకొండు చుక్కలు పెట్టాను.
నారు నాటినంత సంబరంగా ఉండింది.

రెండోరోజు ఒంటిగంటకి
నాకే అవసరం పడింది.
మే నెల. సంచీలో ఖాళీ అయిన లీటరు సీసా.
నేను గీసిన మ్యాపు నేనే తెరిచి చూసుకున్నా.
దగ్గర్లో మూడు చుక్కలు.

మొదటిదానికి తాళం.
పక్కన జిరాక్సు అంగడతను తలెత్తకుండానే చెప్పాడు:
"చెంగల్రాయుడు రావాల. కూతురి కానుపని గుడిపాలకి పోయినాడు."

రెండోది బ్యాంకు వెనకాల.
గార్డు ముందు నా చెప్పులు చూశాడు, తర్వాత నన్ను.
"అకౌంటుండాదా?"
పొత్తికడుపుకి పాసుబుక్కు లేదు.

మూడోదానికి ర్యాంపు కూడా ఉంది,
ర్యాంపు నిండా మోటారుసైకిళ్లు ఉన్నాయి.
దాటుకుని పోతే తలుపు మీద
'సిబ్బందికి మాత్రమే'.
పెయింటు ఇంకా ఆరలేదు, వేలికంటింది.

మార్కెట్టు వెనక ముంజలు కొట్టే దేశమ్మ
నా నడక చూసే కనిపెట్టేసింది.
కొడవలి గోనెపట్ట కింద దోపి "దా" అంది.
ఉల్లిగడ్డల గోదాము సందులోంచి
ఒక టైలరింటి పెరట్లోకి.
రెండు రూపాయలు. మాట్లాడకూడదు.
వాళ్లత్త నిద్రపోయే వేళకే పోవాల.

తిరిగొచ్చాక, ముంజకాయ చెక్కుతా చెప్పింది:
"బడికి సెలవులిస్తే బళ్లోకి పోవచ్చు,
వాచ్‌మేను పెండ్లాముంటే.
వాచ్‌మేనుంటే పోగూడదు.
మసీదు పక్క కొళాయి శుక్రవారం అందరిదీ.
బస్టాండులోది ఐదు రూపాయలు,
చిల్లర లేకుంటే పది.
క్వార్టర్సు కాడ దీపాలు పెట్టినాక వద్దు,
ఎందుకని అడగబాక."

పొద్దున ఆరింటి నించి నీళ్లు ముట్టలేదంట.
తాగితే పోవాల గదా, పోతే యాడికి పోవాల?
ఈ మాటంటా
నీళ్లు నిండిన ముంజలు ఆకులో పొట్లం కడతా ఉంది.

వ్యాఖ్య అనే గడి ఒకటుంది అట్టడుగున.
అదంతా రాయబోయాను.
'సెలవుల్లో వాచ్‌మేను పెండ్ల' దగ్గర
అక్షరాలు అయిపోయాయి.

ట్యాబు తిప్పి చూపించాను ఆమెకి.
ఇదిగో మన ఊరు, ఇదిగో నువ్వు కూర్చున్న చోటు.
పచ్చ చుక్క మీద గోరు పెట్టి
చాలాసేపు చూసి అడిగింది:
"దీని తాళంచెవి ఎవురికాడుంది?"

సాయంత్రం ఆఫీసులో సారుని అడిగితే
"ఉందా లేదా, అదొక్కటీ చెప్పమ్మా.
కట్టినాం గదా. బిల్లు పాసైంది గదా."
ఉంది సార్, అన్నాను.
ఆరువందలు ఫోన్లో టింగుమన్నాయి.

అప్పట్నించి రాత్రిళ్లు
పోయినేడు క్యాలెండరు వెనకవైపు
పెన్సిలుతో ఇంకో మ్యాపు గీస్తా ఉన్నా.
చుక్కలు లేవు.
టైములు రాస్తున్నా, మనుషుల పేర్లు రాస్తున్నా,
ఎవరికి ఏ రోజు మనసు బాగుంటుందో రాస్తున్నా.
తరచూ చెరపాల్సొస్తుంది.
ఇందులో చిత్తూరు మధ్యాహ్నానికి నాలుగు వీధులు,
రాత్రి తొమ్మిదికి ఒకటే సందు.
చక్రాలకుర్చీలో తిరిగే మా కీర్తన కోసం గీస్తే
వాళ్లింటి గడప దాటలేదు పెన్సిలు.

నిన్న ఎండలో దేశమ్మకి నా సీసా అందించా.
వద్దు వద్దంటూనే తీసుకుంది.
ఒక్క గుక్క.
మూత బిగించి, మూతి తుడుచుకుని,
టైమెంత అని అడిగింది.